మందు తెచ్చిన ఆకలి: 14 ఏళ్ల పిల్లవాడితో ఇంట్లో ఏం చేయాలి, డాక్టరును ఏం అడగాలి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకి 14 ఏళ్లు, ఆటిజం ఉంది. పట్టరాని కోపం, తనను తాను కొట్టుకోవడం తగ్గాలని ఐదు నెలల కిందట రిస్పెరిడోన్ మొదలుపెట్టారు. మందు పనిచేసింది, వాడు మళ్లీ బడికి వెళ్తున్నాడు. కానీ 48 కిలోలవాడు 57కి వచ్చాడు. భోజనం చేసిన అరగంటకే ఆకలంటాడు, అర్ధరాత్రి లేచి తింటాడు, మంచం కింద బిస్కెట్ కాగితాలు దొరుకుతున్నాయి. మీరు అలమారకు తాళం వేశారు. వాళ్ల నాన్నగారు మందు ఆపేద్దామంటున్నారు. ఈ గొడవల్లో పిల్లవాడు మీతో మాట్లాడడమే తగ్గించేశాడు. "వీడి తిండిని ఎలా అదుపు చేయాలి?" అని అడిగారు.

నేను పోషకాహార నిపుణురాలిని. కౌమార వయసు పిల్లల మానసిక వైద్య విభాగంలో 17 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీరడిగిన ప్రశ్న నాకు వారానికి రెండు మూడు సార్లు ఎదురవుతుంది. నా జవాబు మాత్రం ఎప్పుడూ ఒకచోటే మొదలవుతుంది. వాడికి వేస్తున్న ఆకలి నిజమైన ఆకలి. వాడు నటించడం లేదు, మొండికేయడం లేదు, జిహ్వచాపల్యం అంతకన్నా కాదు. మీరు రోజంతా ఏమీ తినకుండా ఉండి వంటింట్లోకి అడుగుపెడితే ఎలా ఉంటుందో, వాడికి కంచం ముందు నుంచి లేచిన అరగంటకే అలా ఉంటుంది. ఇది మనసుకు ఎక్కితే తప్ప నేను చెప్పే మిగతా ఏ ఉపాయమూ మీ ఇంట్లో నిలబడదు.

ఎందుకిలా అవుతుందో కొంచెం చెప్తాను. ఆకలినీ, కడుపు నిండిందన్న తృప్తినీ చూసుకునేది మెదడులోని హైపోథలామస్ అనే చిన్న భాగం. కడుపు నుంచి, పేగుల నుంచి, ఒంట్లోని కొవ్వు నుంచి దానికి ఎప్పటికప్పుడు కబుర్లు అందుతుంటాయి. సెరటోనిన్, హిస్టమిన్ లాంటి రసాయనాలు అక్కడ "ఇక చాలు" అనే మాటను బలపరుస్తాయి. రిస్పెరిడోన్ తరగతి మందులు సరిగ్గా ఆ రసాయనాలు పనిచేసే తలుపుల్లో కొన్నింటిని మూసేస్తాయి. కడుపు నిండుతుంది, ఆ కబురు మాత్రం చేరాల్సిన చోటికి గట్టిగా చేరదు. ఈ తరగతిలో ఓలాంజపిన్, క్లోజపిన్ అన్నిటికంటే ఎక్కువ ఆకలి పుట్టిస్తాయి. క్వెటియాపిన్, రిస్పెరిడోన్ మధ్యలో ఉంటాయి. అరిపిప్రజోల్, లురాసిడోన్, జిప్రాసిడోన్ సాధారణంగా తక్కువ. పెద్దవాళ్లకన్నా పిల్లల ఒంటిమీద ఈ ప్రభావం ఎక్కువ. 2009లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ మందులు మొదటిసారి వాడుతున్న 4 నుంచి 19 ఏళ్ల వాళ్లను గమనించారు. దాదాపు 11 వారాల్లో సగటున ఓలాంజపిన్ వాడినవాళ్లు 8.5 కిలోలు, క్వెటియాపిన్‌తో 6.1, రిస్పెరిడోన్‌తో 5.3, అరిపిప్రజోల్‌తో 4.4 కిలోలు పెరిగారు. మందు వాడనివాళ్లు పెరిగింది 0.2 కిలోలే. మీ వాడు ఐదు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగాడు. ఎదిగే వయసు కాబట్టి అందులో రెండు మూడు కిలోలు ఎలాగూ రావాల్సినవే అనుకోండి. మిగతాది మందు తెచ్చినదే. మీ పెంపకంలో లోపమేమీ లేదు.

ఇది చదివే మిగతా తల్లిదండ్రుల కోసం ఒక మాట. ఆకలి పెంచే మందులు ఈ ఒక్క తరగతిలోనే లేవు. మూర్ఛకు, మూడ్ మార్పులకు ఇచ్చే వాల్‌ప్రోయేట్, నిద్రకూ దిగులుకూ ఇచ్చే మిర్టజపిన్, అమిట్రిప్టిలిన్, ఆస్తమాకో కీళ్లకో కిడ్నీకో వాడే ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు కూడా ఇదే పని చేస్తాయి. మూడ్ మార్పులకే ఇచ్చే మరో మందు లిథియంతో దాహం పెరుగుతుంది. ఆ దాహాన్ని కూల్ డ్రింకులతో తీర్చుకునే పిల్లలు బరువు పెరుగుతారు. లిథియం వాడేవాళ్లు నీళ్లు గానీ ఉప్పు గానీ ఒక్కసారిగా తగ్గించకూడదు, రక్తంలో మందు మోతాదు ప్రమాదకరంగా పెరిగిపోతుంది. ఇంటి పద్ధతుల విషయంలో కింద చెప్పబోయేది చాలావరకు అందరికీ వర్తిస్తుంది.

ఇక వాళ్ల నాన్నగారి మాట. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, కానీ దయచేసి మందు మీ అంతట మీరు ఆపకండి. రిస్పెరిడోన్ ఒక్కసారిగా ఆపితే పాత కోపం ఇంకా ఎక్కువగా తిరగబెట్టవచ్చు, నిద్ర పట్టకపోవచ్చు, ముఖంలోనో చేతుల్లోనో తమకు తెలియకుండానే కదలికలు రావచ్చు. మూర్ఛ మందు ఆపితే ఫిట్స్ రావచ్చు. స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. తగ్గించాలన్నా, మార్చాలన్నా మెల్లగా, డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారమే చేయాలి.

అయితే డాక్టరు దగ్గర మొహమాటపడకండి. చాలామంది తల్లిదండ్రులు "మందు పనిచేస్తోంది కదా, బరువు గురించి ఏం అడుగుతాం" అని ఊరుకుంటారు. అడగాలి. మందు మొదలైనప్పటి బరువులో ఐదు శాతం పెరిగినా చాలు, మందు మార్పు గురించి ఆలోచించాలని అమెరికా డయాబెటిస్, సైకియాట్రీ సంఘాలు 2004లోనే కలిసి సూచించాయి. మీ వాడు పెరిగింది దాదాపు 19 శాతం. కాబట్టి తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ముందుగానే ఫోన్ చేసి సమయం తీసుకోండి.

వెళ్లేటప్పుడు నెలనెలా బరువు, ఎత్తు, ఏ వేళల్లో ఆకలి ఎక్కువగా ఉంటోంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడు అన్నవి ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఇప్పుడిస్తున్న మోతాదు, పనిచేసే మోతాదుల్లో అన్నిటికంటే చిన్నదేనా అని అడగండి. ఆకలి తక్కువ పుట్టించే మందుకు మారే వీలుందా అని అడగండి. ఆటిజంలోని చిరాకు, కోపం కోసం అమెరికాలో పిల్లలకు రిస్పెరిడోన్‌తో పాటు అరిపిప్రజోల్‌కు కూడా అనుమతి ఉంది. అది అందరికీ సరిపడదు, కొందరిలో స్థిమితం లేకుండా చేస్తుంది, పైగా దానితోనూ బరువు పెరిగేవాళ్లున్నారు. అయినా అడగాల్సిన ప్రశ్నే. మెట్‌ఫార్మిన్ గురించి కూడా అడగండి. డయాబెటిస్ మందు కదా అని భయపడకండి, ఈ రకం బరువును ఆపడానికి పిల్లల మానసిక వైద్యులు దాన్ని చాలా ఏళ్లుగా వాడుతున్నారు. మొదట్లో వికారం, విరేచనాలు ఉంటాయి కాబట్టి చిన్న మోతాదుతో, తిండితో పాటు మొదలుపెడతారు. ఎక్కువ కాలం వాడితే రక్తంలో విటమిన్ బి12 ఎంతుందో చూపించుకోవాలి. అది అద్భుతాలు చేయదు, కొన్ని కిలోల తేడా తెస్తుంది. ఆ కొన్ని కిలోలే మీ వాడికి ఊపిరి పీల్చుకునే వెసులుబాటు ఇస్తాయి.

పరీక్షలు జరిగాయో లేదో మీరు రాయలేదు. రక్తపోటు, నడుము చుట్టుకొలత, పరగడుపు షుగర్ లేదా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), కొలెస్టరాల్ మందుకు ముందొకసారి, మొదలుపెట్టిన మూడు నెలలకు మరోసారి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో చూడాలి. జలుబుకో అలర్జీకో వాడుతున్న సిరప్‌లు ఏవైనా ఉంటే అవి కూడా చూపించండి. సైప్రోహెప్టడిన్ లాంటి అలర్జీ మందును ఆకలి పుట్టించడానికే ఇస్తుంటారు. అది తోడైతే అగ్గికి ఆజ్యమే. రిస్పెరిడోన్ వల్ల కొందరు అబ్బాయిల్లో ఛాతీ ఉబ్బుతుంది. ఇది కొవ్వు వల్ల మాత్రమే కాదు, ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరగడం వల్ల కూడా వస్తుంది. వాడు సిగ్గుతో మీకు చెప్పకపోవచ్చు, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడే అవకాశం ఇవ్వండి.

ఇప్పుడు ఇంటి సంగతి. ముందు నా తప్పు ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏట, ఓలాంజపిన్ వాడుతున్న 15 ఏళ్ల అమ్మాయికి నేను 1,400 కేలరీల చార్టు రాసిచ్చాను. లెక్క ప్రకారం అందులో వంక పెట్టడానికేమీ లేదు. ఆ అమ్మాయి ఎనిమిది రోజులు పళ్ల బిగువున దాన్ని పాటించింది. తొమ్మిదో రోజు రాత్రి ఇంట్లో ఉన్నదంతా తినేసింది. తర్వాత ఆ ఆకలికి మూలం మందేనని గ్రహించి, మాత్రను నాలుక కింద దాచి ఉమ్మేయడం మొదలుపెట్టింది. రెండు నెలల్లో జబ్బు తిరగబెట్టి వార్డుకొచ్చింది. "ఆకలేస్తోందని చెప్తే నువ్వు నమ్మలేదు" అని నా ముఖం మీదే అంది. ఆ తర్వాత మందు తెచ్చిన ఆకలితో ఉన్న ఏ పిల్లకూ నేను కోత చార్టు రాయలేదు. ఎదిగే పిల్లలకు తిండి కోసేస్తే ఎముకలు, కండ దెబ్బతింటాయి. ఆకలితో ఉన్న మెదడుకు తిండి కోసేస్తే దొంగతనంగా తినడం నేర్చుకుంటుంది. మన మొదటి లక్ష్యం బరువు తగ్గించడం కాదు, పెరగడాన్ని ఆపడం. పొడుగు పెరిగే వయసు వాడి వైపే ఉంది. బరువు 57 దగ్గర ఆగి, ఎత్తు పెరుగుతూ పోతే ఏడాదిలో వాడి ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది.

నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది వేళలను. ప్రేడర్-విల్లీ సిండ్రోమ్ అని పుట్టుకతో వచ్చే ఒక స్థితి ఉంది, ఆ పిల్లలకు ఆకలి తీరడమన్నదే ఉండదు. వాళ్ల కుటుంబాలు దశాబ్దాలుగా నేర్చుకున్న పాఠం మనకూ పనికొస్తుంది. తర్వాతి తిండి ఎప్పుడొస్తుందో, ఏమొస్తుందో ముందే తెలిస్తే పిల్లవాడి మనసు తిండి చుట్టూ తిరగడం తగ్గుతుంది. దొరుకుతుందో లేదో అన్న అనుమానం గానీ, అడిగితే అదనంగా దొరకవచ్చన్న ఆశ గానీ ఉన్నంతకాలం వాడు అడుగుతూనే ఉంటాడు. ఆటిజం ఉన్న పిల్లలకు రోజు ఎలా గడుస్తుందో ముందే తెలియడం మామూలుగానే ఊరట కదా, మీ వాడికి ఇది ఇంకా బాగా పట్టుబడుతుంది. మూడు భోజనాలు, మధ్యలో మూడు చిరుతిళ్లు, ప్రతి రెండున్నర, మూడు గంటలకొకటి. వేళలు వాడితోనే రాయించి వంటింటి గోడకు అంటించండి. పడుకునే ముందు ఒకటి తప్పకుండా ఉండాలి. ఆకలి వేశాక పెట్టడం వేరు, ఆకలి ముదరకముందే పెట్టడం వేరు. మన పని రెండోది. ఈ వేళలు పట్టుబడడానికి కనీసం మూడు వారాలు పడుతుంది, మొదటి వారం పోరు పెరుగుతుంది కూడా. అది చూసి వదిలేయకండి.

కంచంలో మొదట కూరగాయలు పడాలి. మిగతాది వడ్డించే లోపు ఒక గిన్నెడు కూరగాయ ముక్కలో, వేడివేడి కూరగాయల సూపో వాడి ముందు ఉండాలి. బాగా ఆకలితో ఉన్నప్పుడు పిల్లలు ఏది ముందుంటే అది తింటారు. ఆ నిమిషాన్ని మనం వాడుకోవాలి. ప్రతి పూటా గుడ్డు, పప్పు, పెరుగు, చేప, మాంసం లాంటి మాంసకృత్తులున్నది ఒకటి ఉండాలి, ముఖ్యంగా ఉదయం. తీపి, మైదా పదార్థాలతో రోజు మొదలైతే పది గంటలకల్లా ఆకలి రెట్టింపవుతుంది.

రెండోసారి కావాలంటే "వద్దు" అనకండి. కూరగాయలు, పండు అయితే వెంటనే పెట్టండి. మిగతావి అయితే "ఇరవై నిమిషాలాగి పెడతాను" అనండి, గడియారం చూసి మాట నిలబెట్టుకోండి. కడుపు పంపే కబురు మెదడుకు చేరడానికి ఎలాగూ ఆ మాత్రం సమయం పడుతుంది, మందు వల్ల అది గట్టిగా చేరదు కూడా. సగంసార్లు ఆ ఇరవై నిమిషాల్లో పిల్లలు వేరే పనిలో పడిపోతారు. మిగతా సగంసార్లు నిజంగానే అడుగుతారు. అప్పుడు పెట్టండి. మీ మాట మీద వాడికి నమ్మకం కుదరడం ఒక గరిటెడు తిండికన్నా విలువైనది.

ఒక్క మార్పు మాత్రమే చేయగలనంటే, తాగేవాటితో మొదలుపెట్టమంటాను. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అది కడుపు నింపదు. పళ్లరసాలు కూడా అంతే, పండును పండుగానే తినాలి. ఈ మందుల వల్ల నోరు ఎండుతుంటుంది కాబట్టి దాహాన్ని ఆకలనుకోవడం కూడా జరుగుతుంది. చల్లటి నీళ్ల సీసా వాడి చేతికి ఎప్పుడూ అందేలా ఉంచండి.

తాళం తీసేయండి. మీరు ఏ పరిస్థితిలో వేశారో తెలుసు, తప్పు పట్టడం లేదు. కానీ తాళం వేసిన అలమారలో ఉన్నది తనకు తప్ప అందరికీ అని వాడికి అర్థమవుతుంది. తాళం వేయాల్సినంత ప్రమాదకరమైనది ఇంట్లో ఉంటే అది ఇంట్లోకి రాకుండా ఉండడమే మేలు. చిప్స్, బిస్కెట్లు, తీపి పదార్థాలు కొని దాచుకోవడం ఇంటిల్లిపాదీ మానేయాలి, నాన్నగారితో సహా. వారానికొకసారి అందరూ బయట కలిసి తినండి, మిగిలింది ఇంటికి తేవద్దు. పచ్చి పదార్థాలు, కుళ్లినవి, చెత్తబుట్టలోవి తినేసే పిల్లల విషయంలో మాత్రం భద్రత కోసం తాళం అవసరమవుతుంది. అప్పుడు కూడా డాక్టరుతో మాట్లాడి, పిల్లవాడికి చెప్పి వేయాలి.

రాత్రి లేవడం గురించి. మందు ఏ వేళకు వేస్తున్నారో చూడండి. రాత్రి మాత్ర వేసుకుని రెండు గంటలు మేలుకుని ఉంటే, ఆ మగతలో, ఆ ఆకలిలో వాడి చేయి తిండి మీదికే పోతుంది. మాత్ర వేసుకున్న కాసేపటికే పక్క ఎక్కేలా వేళ సర్దవచ్చా అని డాక్టరును అడగండి. ఫ్రిజ్‌లో వాడి పేరు రాసిన ఒక డబ్బా పెట్టండి. అందులో ఉడికించిన గుడ్డు, పండు ముక్కలు, పెరుగు, ఏదో ఒకటి ఉండాలి. రాత్రి ఆకలేస్తే అడగకుండా అది తినవచ్చని చెప్పండి. దొంగతనం అక్కర్లేకపోతే దాచడం కూడా అక్కర్లేదు. ఈ వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి ఇంకా పెరుగుతుంది.

వ్యాయామం గురించి క్లుప్తంగానే చెప్తాను, ఎందుకంటే తిన్నదానికి శిక్షగా పరిగెత్తించడం నేను చూసినంత మేర ఎవరికీ మంచి చేయలేదు. రోజుకు ఒక గంట ఒళ్లు కదలాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. భోజనం తర్వాత పదిహేను నిమిషాల నడకతో మొదలుపెట్టండి, ఇద్దరూ కలిసి. మందు మగత వల్ల ఉదయం లేవలేకపోతే సాయంత్రమే చాలు.

ఇదంతా చేస్తే ఫలితం ఉంటుందా అని మీకు అనుమానం రావచ్చు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో, సైకోసిస్ (లేనివి వినపడడం, భ్రమలు లాంటివి ఉండే మానసిక స్థితి) మొదటిసారి వచ్చిన యువతకు మందు మొదలైన తొలి రోజుల నుంచే తిండి, కదలిక, ఆరోగ్య పరీక్షల్లో తోడుండి నడిపించారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం 12 వారాల్లో వాళ్లు పెరిగింది 1.8 కిలోలు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లు 7.8 కిలోలు. చిన్న బృందమే, కానీ తేడా చిన్నది కాదు. మందు మొదలుపెట్టబోతున్న తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, బరువు పెరిగేదాకా ఆగకండి, మొదటి మాత్ర రోజునే వేళల కాగితం గోడకు అంటించండి. మీకు ఐదు నెలలు గడిచాయి కాబట్టి కొంచెం ఎక్కువ ఓపిక కావాలి, అంతే.

మాటల విషయంలో గట్టిగా చెప్తున్నాను. "లావయ్యావు", "మళ్లీనా", "కంట్రోల్ చేసుకో" అన్న మాటలు ఇంట్లో వినపడకూడదు. బరువు రెండు వారాలకొకసారి చూడండి, అంకె వాడికి చెప్పాలా వద్దా అన్నది వాడినే అడగండి. బంధువులెవరైనా వాడి ఒళ్లు గురించి ఎత్తితే "ఆ మాట మా ఇంట్లో మాట్లాడుకోం" అని మీరే అడ్డుపడండి. మందు సంగతి వాడి అనుమతి లేకుండా చెప్పకండి. వాడితో మాత్రం సూటిగా చెప్పండి: "ఈ మందు నీ ఆకలిని పెంచుతోంది. నీ తప్పు లేదు. ఏం చేయాలో మనం, డాక్టరుగారు కలిసి చూద్దాం." ఈ మూడు వాక్యాలు విని ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు. అన్నాళ్లూ తమలోనే ఏదో లోపం ఉందనుకున్నారు పాపం.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆగకండి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఎంత తిన్నా ఉన్నట్టుండి బరువు తగ్గడం, నీరసం కనిపిస్తే అదే రోజు షుగర్ చూపించండి. వాంతులు, ఆయాసం, మత్తు తోడైతే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. తిన్నాక కావాలని వాంతి చేసుకోవడం, పూటలు ఎగ్గొట్టడం, మాత్రలు దాచడం కనిపించినా డాక్టరుకు వెంటనే చెప్పండి.

చివరగా మీరడిగిన ఆ కాగితాల సంగతి. మంచం కింద దొరికినవి వాడికి చూపించి నిలదీయాలా అన్నారు. వద్దు. ఈ రాత్రికి వాడి గదిలో ఒక చెత్తబుట్ట పెట్టండి. కాగితాలు అందులో పడడం మొదలయ్యాయంటే, వాడు మీ దగ్గర దాచుకోవడం మానేస్తున్నాడన్నమాట. డాక్టరును కలిశాక ఏమన్నారో ఇక్కడే రాయండి, పరీక్షల అంకెలు కూడా పెట్టండి, చూసి చెప్తాను.